పోలండ్ అధ్యక్షుడి అధికారం: 1921 నుంచి 1935 దాకా అసలేం జరిగింది?

మీ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలున్నాయి. 1921లో అధ్యక్షుణ్ణి సంతకాలు పెట్టే మనిషిగా ఉంచిన పోలండ్, 1935కి వచ్చేసరికి అధికారమంతా ఆయన చేతిలో ఎందుకు పెట్టింది? ఆ 1935 రాజ్యాంగం చట్టప్రకారం నెగ్గిందా? ఇదంతా సేనాని, నాయకుడు పిల్సుడ్‌స్కీ కోసమే అయితే ఆయన అధ్యక్షుడు ఎందుకు కాలేదు? ఇప్పటి పోలండ్ అధ్యక్ష పదవికి దానితో ఏమైనా సంబంధం ఉందా?

ఆధునిక ఐరోపా చరిత్ర చాలాకాలం పాఠం చెప్పాను. గైడ్లలో దొరికే జవాబు నాకు బాగా తెలుసు: అధ్యక్షుడు బలహీనుడు, అందుకని అస్థిరత, అందుకని సైనిక తిరుగుబాటు, అందుకని బలమైన అధ్యక్షుడు. ఇది సగమే నిజం. నా ఉద్దేశం ఏమిటంటే, రెండు రాజ్యాంగాలూ ఒకే మనిషిని, పిల్సుడ్‌స్కీని, మనసులో పెట్టుకుని రాసినవి. మొదటిది ఆయన్ని కట్టడి చేయడానికి, రెండోది ఆయనకు సరిపోయేలా. ఆయన మాత్రం ఆ రెండు రాజ్యాంగాల కిందా ఒక్కరోజు కూడా అధ్యక్షుడిగా లేడు. 1926 తర్వాత అసలు అధికారం అధ్యక్ష భవనంలో లేదు, సైన్యం దగ్గర ఉంది. కాగితం మీది మార్పులు ఆ నిజం వెనకాలే నడిచాయి.

మొదటి నుంచీ వద్దాం. 1918 నవంబరు 11న వార్సాలో రీజెన్సీ కౌన్సిల్, అంటే ఆక్రమణ కాలంలో ఏర్పడ్డ తాత్కాలిక పాలకమండలి, సైనిక అధికారాన్ని యూజెఫ్ పిల్సుడ్‌స్కీకి అప్పగించింది. అంతకు ముందురోజే ఆయన జర్మన్ల చెరనుంచి తిరిగొచ్చాడు. మూడు రోజుల తర్వాత కౌన్సిల్ మిగతా అధికారం కూడా ఇచ్చేసి తప్పుకుంది. ఆయన తాత్కాలిక దేశాధినేత అయ్యాడు. 1919 జనవరిలో ఎన్నికలు జరిగాయి, ఫిబ్రవరి 20న 'చిన్న రాజ్యాంగం' అనే తీర్మానం వచ్చింది. దాని ప్రకారం సర్వాధికారం సెయ్మ్‌ది, అంటే పార్లమెంటు దిగువ సభది. దేశాధినేత దాని తీర్మానాలను అమలు చేసే మనిషి మాత్రమే. కానీ అదే మనిషి సైన్యానికి సర్వసేనాని కూడా. సోవియట్లతో యుద్ధం నడుస్తోంది. 1920 మేలో పోలిష్ సైన్యం కీవ్ చేరింది, ఆగస్టులో వార్సా గుమ్మం ముందు ఎర్రసైన్యాన్ని ఆపింది. ఈ నిర్ణయాల్లో సెయ్మ్ పాత్ర ఎంతో మీరే ఊహించుకోవచ్చు. కాగితానికీ వాస్తవానికీ మధ్య ఎడం అప్పుడే మొదలైంది.

ఈ నేపథ్యంలో వచ్చింది 1921 మార్చి 17 రాజ్యాంగం. నమూనా ఫ్రాన్స్ మూడో రిపబ్లిక్, అంటే పార్లమెంటుదే పైచేయిగా ఉన్న పద్ధతి. సెయ్మ్‌లో 444 మంది, సెనేట్‌లో 111 మంది. రెండు సభలూ కలిసి జాతీయ అసెంబ్లీగా కూర్చుని ఏడేళ్ళకు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. ఆయన ఏ ఉత్తర్వు ఇచ్చినా ప్రధాని, సంబంధిత మంత్రి కూడా సంతకం పెడితేనే చెల్లుతుంది. బిల్లును వెనక్కి పంపే హక్కు లేదు. సెయ్మ్‌ను రద్దు చేయాలంటే సెనేట్ మొత్తం సభ్యుల్లో అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే సెనేట్ కూడా దాంతోపాటే రద్దయిపోతుంది. తమ సీటు తామే పోగొట్టుకునే ఓటు ఎంతమంది వేస్తారు?

నా విద్యార్థుల చేత నేను తప్పకుండా చదివించేది 46వ అధికరణం. అధ్యక్షుడు సాయుధ బలగాలకు అధిపతే, కానీ యుద్ధ సమయంలో సేనల్ని నడిపించకూడదు. 1921లో పోలండ్‌లో అధ్యక్ష పదవికి వినిపిస్తున్న మొదటి పేరు ఎవరిది? యుద్ధం గెలిచిన సేనానిది. ఈ వాక్యం ఎవరిని ఉద్దేశించి రాశారో వార్సాలో అందరికీ తెలుసు. రోమన్ ద్మోవ్‌స్కీ వెనక ఉన్న నేషనల్ డెమోక్రాట్లకు, అంటే కుడిపక్ష జాతీయవాదులకు, పిల్సుడ్‌స్కీ అంటే పడదు. ఆయన అధ్యక్షుడవుతాడని భయపడ్డారు, అందుకే ఆ కుర్చీలోంచి బలం తీసేశారు. వాళ్ళకేదో పార్లమెంటరీ ప్రజాస్వామ్యం మీద అపారమైన ప్రేమ ఉందనుకోవద్దు. పదేళ్ళు తిరగకుండానే వాళ్ళే గట్టి ప్రభుత్వం కావాలన్నారు.

పిల్సుడ్‌స్కీ కూడా సంగతి గ్రహించాడు. 1922 డిసెంబరు మొదట్లో, ఈ రాజ్యాంగం కింద తాను అధ్యక్ష పదవికి నిలబడనని తన వాళ్ళకు చెప్పేశాడు. డిసెంబరు 9న జాతీయ అసెంబ్లీ అయిదు విడతలుగా ఓటు వేసింది. చివరి విడతలో గాబ్రియెల్ నరుటోవిచ్‌కు 289, కుడిపక్షం అభ్యర్థి, దేశంలోని అతిపెద్ద జమీందారుల్లో ఒకడైన మౌరిసి జమోయ్‌స్కీకి 227. నరుటోవిచ్ ఇంజనీరు, స్విట్జర్లాండ్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసి వచ్చినవాడు. గెలుస్తానని ఆయనే అనుకోలేదు. వామపక్షం, రైతు పార్టీల ఓట్లతోపాటు యూదు, ఉక్రేనియన్, జర్మన్ ప్రతినిధుల ఓట్లు కూడా ఆయనకు పడ్డాయి. దేశ జనాభాలో దాదాపు మూడోవంతు పోలిష్ జాతేతరులే. అయినా 'యూదులు ఎన్నుకున్న అధ్యక్షుడు' అంటూ కుడిపక్షం పత్రికలు రెచ్చిపోయాయి. ప్రమాణ స్వీకారానికి వెళ్తున్న బండి మీద మంచు గడ్డలు విసిరారు. డిసెంబరు 16న జఖెంతా ఆర్ట్ గ్యాలరీలో ఎలిగియుష్ నియెవ్యదోమ్‌స్కీ అనే చిత్రకారుడు ఆయన్ని కాల్చి చంపాడు. ప్రమాణం చేసి వారం కూడా కాలేదు. మొదట పిల్సుడ్‌స్కీనే చంపాలనుకున్నానని హంతకుడు కోర్టులో చెప్పాడు.

తర్వాతి పరిణామాలన్నిటికీ ఈ హత్య మూలం అని నేను అనుకుంటాను. పిల్సుడ్‌స్కీకి కుడిపక్షం మీద ఉన్న రాజకీయ విరోధం ఆ రోజుతో వ్యక్తిగత ద్వేషం అయింది. 1923 మేలో రైతు నాయకుడు విన్సెంటి విటోస్ అదే కుడిపక్షంతో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాక, పిల్సుడ్‌స్కీ సైనిక పదవులన్నీ వదిలేసి వార్సా పక్కన సులెయువెక్‌లోని ఇంటికి వెళ్ళిపోయాడు. అది రిటైర్మెంట్ అని ఎవరూ నమ్మలేదు. పాత సైనిక సహచరులు రోజూ ఆ ఇంటికి వచ్చిపోతూనే ఉన్నారు.

ఇక్కడే గైడ్ల జవాబుతో నాకు పేచీ. 1918 నుంచి 1926 దాకా పదికి పైగా మంత్రివర్గాలు మారాయి. 1923లో కరెన్సీ విలువ పూర్తిగా పడిపోయింది. 1924లో కొత్త జ్లోటీ తెచ్చినప్పుడు ఒక్క జ్లోటీకి 18 లక్షల పాత మార్కులు ఇచ్చుకోవాల్సి వచ్చింది. 1925లో జర్మనీతో సుంకాల యుద్ధం, మళ్ళీ జ్లోటీ పతనం, నిరుద్యోగం. ఇవన్నీ నిజమే. కానీ అధ్యక్షుడికి వీటో లేకపోవడం వల్ల వచ్చిన కష్టాలు కావివి. ఓట్ల నిష్పత్తి ప్రకారం సీట్లు పంచే ఎన్నికల పద్ధతి వల్ల సెయ్మ్‌లో డజనుకు పైగా గ్రూపులు ఏర్పడ్డాయి. మైనారిటీ ప్రతినిధుల ఓట్లతో ప్రభుత్వం నడపడం తప్పు అని కుడిపక్షం ఒక సిద్ధాంతమే చేసింది. సభలో అయిదో వంతు సభ్యుల్ని ముందే లెక్కలోంచి తీసేస్తే నిలకడైన మెజారిటీ ఎక్కడ దొరుకుతుంది?

1926 మే 10న విటోస్ మళ్ళీ అదే కూటమితో ప్రధాని అయ్యాడు. మే 12న పిల్సుడ్‌స్కీ తన రెజిమెంట్లతో వార్సా వైపు కదిలాడు. ఆ సాయంత్రం పొన్యతోవ్‌స్కీ వంతెన మీద ఆయనకు ఎదురుగా నిలబడ్డది అధ్యక్షుడు స్టానిస్వావ్ వోయ్‌చెహోవ్‌స్కీ. ఇద్దరూ పాత స్నేహితులు, జార్ కాలంలో రహస్య సోషలిస్టు పత్రిక 'రొబోట్నిక్'ను కలిసి అచ్చువేసినవాళ్ళు. వోయ్‌చెహోవ్‌స్కీ దారి ఇవ్వలేదు. న్యాయం కావాలంటే చట్టబద్ధమైన మార్గంలోనే అన్నాడు. రాజ్యాంగం ఏ అధికారమూ ఇవ్వని అధ్యక్షుడు తిరుగుబాటుదారు ముఖం మీదే కాదని చెప్పడం నాకు గొప్పగా అనిపిస్తుంది. అయితే పోరు తేల్చింది రైళ్ళు. సోషలిస్టుల పిలుపుతో రైల్వే కార్మికులు సమ్మె చేశారు, ప్రభుత్వానికి రావాల్సిన అదనపు బలగాలు సమయానికి చేరలేదు. మూడు రోజుల్లో 379 మంది చనిపోయారు, అందులో 164 మంది మామూలు పౌరులు. మే 14న అధ్యక్షుడు, ప్రధాని ఇద్దరూ రాజీనామా చేశారు.

ఆ తర్వాత జరిగింది చూడండి. పిల్సుడ్‌స్కీ రాజ్యాంగాన్ని రద్దు చేయలేదు, సెయ్మ్‌ను మూసేయలేదు. రాజ్యాంగం చెప్పినట్టే సెయ్మ్ స్పీకర్ మాచెయ్ రతాయ్ తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు, కజిమియెజ్ బార్తెల్‌ను ప్రధానిగా నియమించాడు. మే 31న పాత జాతీయ అసెంబ్లీయే మళ్ళీ కూర్చుని 292 ఓట్లతో పిల్సుడ్‌స్కీని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆయన వద్దన్నాడు! తిరుగుబాటుకు చట్టం ముద్ర పడింది, అది చాలు. ఈ రాజ్యాంగం కింద అధ్యక్ష పదవి ఒక బంగారు పంజరం అని 1922లో అనుకున్నాడు, 1926లోనూ అదే అనుకున్నాడు. మరునాడు ఆయన సూచించిన ఇగ్నాత్సి మొష్చిత్స్కీ ఎన్నికయ్యాడు. ల్వూవ్‌లో రసాయన శాస్త్ర ప్రొఫెసర్, నత్రిక ఆమ్లం తయారీ మీద పేరున్న శాస్త్రవేత్త, రాజకీయాల్లో పెద్దగా ఎవరికీ తెలియని మనిషి. ఇదీ మీ మూడో ప్రశ్నకు జవాబు. తనకు కావలసింది సైన్యం, విదేశాంగం. రిబ్బన్లు కత్తిరించడం, రాయబారుల్ని ఆహ్వానించడం ఇంకొకరు చేసిపెడితే మంచిదే.

1926 ఆగస్టు 2న రాజ్యాంగ సవరణ వచ్చింది. మంత్రివర్గం కోరితే అధ్యక్షుడు రెండు సభల్నీ రద్దు చేయవచ్చు. సభలు లేని కాలంలో చట్టంతో సమానమైన డిక్రీలు జారీ చేయవచ్చు, సెయ్మ్ ముందుగా చట్టం ద్వారా అనుమతిస్తే మిగతా సమయంలో కూడా. (మన ఆర్డినెన్స్ తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు.) గడువులోపు సభలు బడ్జెట్ మీద తేల్చకపోతే ప్రభుత్వం పెట్టిన ముసాయిదాయే చట్టం అవుతుంది. అవిశ్వాస తీర్మానం పెట్టిన రోజునే ఓటింగ్ పెట్టకూడదు. తమంతట తాము సభను రద్దు చేసుకునే హక్కును సెయ్మ్ కోల్పోయింది. విడివిడిగా చూస్తే ఇందులో భయపడాల్సింది లేదు, ఐరోపాలో చాలా దేశాల్లో ఇలాంటివి ఉన్నాయి. ఇది పద్ధతి ప్రకారం నెగ్గిన సవరణ కూడా.

నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 6న వచ్చిన ఒక డిక్రీ గురించి చాలామంది రాయరు. సాయుధ బలగాల ఇన్‌స్పెక్టర్ జనరల్ అనే పదవిని అది సృష్టించింది. యుద్ధం వస్తే సర్వసేనాని కాబోయే వ్యక్తి శాంతికాలంలోనే ఆ పదవిలో కూర్చుంటాడు. ఆ పదవీ, యుద్ధ మంత్రి పదవీ రెండూ పిల్సుడ్‌స్కీవే, చనిపోయేదాకా. మంత్రిగా సెయ్మ్‌కు జవాబు చెప్పాలి, ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా అక్కర్లేదు. 46వ అధికరణం కట్టిన కంచె అధ్యక్షుడి చుట్టూ ఉంది, దాని పక్కనుంచి ఆయన నడిచి వెళ్ళిపోయాడు.

కొత్త అధికారాల్ని ఎలా వాడారన్నది ఇంకా ఆసక్తికరం. 1926 సెప్టెంబరులో సెయ్మ్ ఇద్దరు మంత్రుల మీద అవిశ్వాసం నెగ్గించింది. బార్తెల్ ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది, అధ్యక్షుడు అదే ప్రభుత్వాన్ని అవే పేర్లతో మళ్ళీ నియమించాడు. చట్టంలో అలా చేయకూడదని ఎక్కడా లేదు మరి. 1927లో అధ్యక్షుడి డిక్రీగా పత్రికల చట్టం వచ్చింది. సెయ్మ్ దాన్ని కొట్టేస్తే, ఆ తీర్మానాన్ని ప్రభుత్వం గెజిట్‌లో అచ్చువేయలేదు. సభ సమావేశాన్ని పిలవడం, వెంటనే నెలరోజులు వాయిదా వేయడం మామూలైంది. ఈ తంత్రాలకు న్యాయభాష సమకూర్చిన మనిషి స్టానిస్వావ్ త్సార్. రాజ్యాంగాన్ని ఉల్లంఘించకుండా ఖాళీ చేయడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవాలి. నేను ఇది మెచ్చుకోలుగా అనడం లేదు.

అసలైన రాజ్యాంగ మార్పుకు మంచి అవకాశం 1928లో వచ్చింది. మామూలుగా రాజ్యాంగాన్ని మార్చాలంటే రెండు సభల్లోనూ, కనీసం సగం మంది సభ్యులు హాజరై ఉండగా, మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 125వ అధికరణంలో ఒక మినహాయింపు ఉంది. ఈ రాజ్యాంగం కింద ఎన్నికైన రెండో సెయ్మ్ మాత్రం అయిదింట మూడు వంతులతోనే, తానొక్కటే మార్చుకోవచ్చు. 1928 సెయ్మే ఆ రెండోది. పిల్సుడ్‌స్కీ సన్నిహితుడు వాలెరి స్వావెక్ నడిపిన ప్రభుత్వ అనుకూల కూటమి అన్నిటికన్నా పెద్ద గ్రూపుగా వచ్చింది కానీ మూడోవంతు సీట్లు కూడా దాటలేదు. స్పీకర్ ఎన్నికలో ప్రభుత్వ అభ్యర్థి బార్తెల్ ఓడి సోషలిస్టు నాయకుడు ఇగ్నాత్సి దషిన్‌స్కీ గెలిచాడు. పైగా బడ్జెట్‌కు మించి పెట్టిన ఖర్చులో 80 లక్షల జ్లోటీలు ఆ కూటమి ఎన్నికల ప్రచారానికి వెళ్ళాయని తేలి ఆర్థిక మంత్రి చెహోవిచ్‌ను మంత్రుల్ని విచారించే స్టేట్ ట్రిబ్యునల్ ముందుకు పంపారు.

1929 అక్టోబరు 31న సాయుధులైన సైనిక అధికారులు గుంపుగా సెయ్మ్ లాబీలోకి వచ్చి నిలబడ్డారు. కత్తులు, తుపాకుల నీడలో సభ తెరవనని దషిన్‌స్కీ పిల్సుడ్‌స్కీకి ముఖాముఖి చెప్పాడు. తెరవలేదు కూడా. 1930 జూన్‌లో మధ్య, వామపక్ష పార్టీలు క్రాకోవ్‌లో మహాసభ పెట్టి నియంతృత్వం పోవాలని, మొష్చిత్స్కీ దిగిపోవాలని తీర్మానించాయి. ఆగస్టులో పిల్సుడ్‌స్కీ స్వయంగా ప్రధాని అయ్యాడు, అధ్యక్షుడు సభల్ని రద్దు చేశాడు. సభ లేకపోతే సభ్యులకు రక్షణ లేదు. సెప్టెంబరు 9 అర్ధరాత్రి నుంచి ప్రతిపక్ష నాయకుల్ని ఇళ్ళలోంచి ఎత్తుకెళ్ళి బ్రెస్త్ కోటలోని సైనిక జైల్లో పడేశారు. మాజీ ప్రధాని విటోస్ కూడా వాళ్ళలో ఉన్నాడు. కొట్టారు, ఆకలితో ఉంచారు, అవమానించారు. 1926 సవరణలో అమాయకంగా కనిపించిన 'సభ రద్దు' అధికారం ఏం చేయగలదో అక్కడ తెలిసింది. నవంబరు ఎన్నికల్లో ప్రభుత్వ కూటమికి 444లో 247 సీట్లు వచ్చాయి. మెజారిటీ దొరికింది. కానీ ఇది మూడో సెయ్మ్, మినహాయింపు వర్తించదు. మూడింట రెండు వంతులు అంటే అందరూ హాజరైతే 296.

ఆ 49 ఓట్ల లోటును ఎలా పూడ్చారన్నదే మీ రెండో ప్రశ్న.

1934 జనవరి 26. ప్రభుత్వ కూటమి కొత్త రాజ్యాంగం గురించి 'సూత్రాలు' మాత్రమే సభలో చర్చకు పెట్టింది, బిల్లు కాదు. ప్రతిపక్షాలు ఒక ప్రకటన చదివి వాకౌట్ చేశాయి. నేషనల్ పార్టీ (పాత నేషనల్ డెమోక్రాట్లదే) తరఫున స్త్రోన్‌స్కీ ఒక్కడు పరిశీలకుడిగా కూర్చున్నాడు. హాల్లో ఉన్నవాళ్ళంతా తమవాళ్ళే అని గమనించిన త్సార్ లేచి, ఈ సూత్రాలనే రాజ్యాంగ బిల్లుగా స్వీకరించి ఇప్పుడే ఓటింగ్ పెట్టాలన్నాడు. కోరానికి 222 మంది చాలు, కూటమికి 247 మంది ఉన్నారు. హాజరైనవాళ్ళలో మూడింట రెండు వంతులేమిటి, దాదాపు అందరూ వాళ్ళే. స్త్రోన్‌స్కీ అరిచి అభ్యంతరం చెప్పాడు. రాజ్యాంగం మార్చే ప్రతిపాదనను పదిహేను రోజుల ముందు ప్రకటించాలని అదే 125వ అధికరణం చెబుతోంది. స్పీకర్ ష్విటాల్‌స్కీ ఓటింగ్ పెట్టేశాడు. కొద్ది గంటల్లో ఒక దేశ రాజ్యాంగం మారిపోయింది.

ఈ తొందర పిల్సుడ్‌స్కీకి కూడా నచ్చలేదు. సెనేట్‌లో నిదానంగా, పద్ధతిగా పని చేయమన్నాడు. సెనేట్ దాదాపు ఏడాది తీసుకుని, చాలా సవరణలతో 1935 జనవరిలో ఆమోదించింది. ఆ సవరణలు మార్చి 23న సెయ్మ్‌కు తిరిగి వచ్చాయి. ఈసారి ప్రతిపక్షం బయటికి పోలేదు, కూర్చుని ఓటేసింది. అనుకూలం 260, వ్యతిరేకం 139. లెక్క వేయండి. 399లో మూడింట రెండు వంతులు 266. ఆరు ఓట్లు తగ్గాయి. అయితే సెనేట్ సవరణల్ని తిరస్కరించాలంటేనే ప్రత్యేక మెజారిటీ కావాలి, ఒప్పుకోవడానికి మామూలు మెజారిటీ చాలు అని ప్రభుత్వం వాదించింది. మామూలు బిల్లుల విషయంలో ఆ వాదన నిలుస్తుంది. రాజ్యాంగం మొత్తం మారుస్తున్నప్పుడు నిలవదని నా అభిప్రాయం. పదిహేను రోజుల నోటీసు లోపం ఉండనే ఉంది. కాబట్టి చట్టబద్ధమా అంటే, కాదు అంటాను. అయితే ఏప్రిల్ 23న మొష్చిత్స్కీ సంతకం చేశాడు, మరునాడు అమల్లోకి వచ్చింది, కోర్టులూ విదేశాలూ ఒప్పుకున్నాయి, తర్వాత నాలుగేళ్ళు దేశం దాని కిందే నడిచింది.

ఇక అందులో ఏముంది? రెండో అధికరణం ప్రకారం రాజ్యం ఏమైనా దానికి అధ్యక్షుడు దేవుడికీ చరిత్రకూ బాధ్యుడు. పార్లమెంటుకు కాదు, కోర్టుకు కాదు. 'ఏకమైన, విభజించరాని రాజ్యాధికారం' ఆయన వ్యక్తిత్వంలో కేంద్రీకృతమై ఉంటుంది. ప్రభుత్వం, సెయ్మ్, సెనేట్, సైన్యం, కోర్టులు, ఆడిట్ వ్యవస్థ ఇవన్నీ ఆయన కింద ఉండే అంగాలు. అధికార విభజన అనే ఆలోచనకే సెలవు. 31వ అధికరణం మరీ ముక్కుసూటిగా, దేశాన్ని పాలించడం సెయ్మ్ పని కాదు అంటుంది.

వివరాల్లోకి వెళితే 13వ అధికరణం ముఖ్యం. మంత్రి సంతకం లేకుండా అధ్యక్షుడు తనంతట తాను చేయగల పనుల జాబితా అది. ప్రధానిని నియమించడం, తీసేయడం. సర్వసేనానిని, ఇన్‌స్పెక్టర్ జనరల్‌నీ నియమించడం. సభల్ని రద్దు చేయడం. సెనేట్‌లో మూడోవంతు మందిని, అంటే 96లో 32 మందిని, నామినేట్ చేయడం. మంత్రుల్ని ట్రిబ్యునల్‌కు పంపడం. అధ్యక్షుడి ఎన్నిక కూడా మారింది. 80 మంది ఎలక్టర్లు ఒక అభ్యర్థిని ఎంచుతారు. దిగిపోతున్న అధ్యక్షుడు కావాలంటే తన అభ్యర్థిని పోటీకి పెట్టవచ్చు. పెడితే అప్పుడు ప్రజలు ఓటేస్తారు, లేకపోతే ప్రజల అవసరమే లేదు. సెయ్మ్ ప్రభుత్వం మీద అవిశ్వాసం తెలిపినా అధ్యక్షుడు ఒప్పుకోకపోతే విషయం సెనేట్‌కు వెళుతుంది. సెనేట్ కూడా సెయ్మ్ పక్షమే అంటే, అప్పుడు ప్రభుత్వాన్నయినా పంపాలి, రెండు సభల్నయినా పంపాలి.

ఇది ఫాసిస్టు రాజ్యాంగమా అని కూడా అడుగుతుంటారు. కాదు. ఏక పార్టీ లేదు, ప్రతిపక్ష పార్టీలు బతికే ఉన్నాయి, పత్రికలు జప్తుల మధ్య నడిచాయి. ఆ ముద్ర వేసి ప్రచారం చేసింది 1944 జూలై నాటి కమ్యూనిస్టుల మేనిఫెస్టో. 1935 రాజ్యాంగం ఆధారంగానే నడుస్తున్న లండన్‌లోని ప్రవాస ప్రభుత్వంతో తమకు ఉన్న తగవులో అది పనికొచ్చింది. నిరంకుశమా అంటే మాత్రం అవును. కానీ ఆ నిరంకుశత్వానికి 1935 దాకా ఆగాల్సిన పని లేకపోయింది. హోంమంత్రి పియెరాత్స్కీని ఉక్రేనియన్ జాతీయవాదులు చంపిన రెండు రోజులకు, 1934 జూన్ 17న, అధ్యక్షుడి డిక్రీతో నిర్బంధ శిబిరాలకు అనుమతి వచ్చింది. విచారణ లేకుండా మూడు నెలలు, కావాలంటే పొడిగింపు. అలా పుట్టిందే బెరెజా కర్తుస్కా శిబిరం. అప్పటికి అమల్లో ఉన్నది 1921 రాజ్యాంగమే.

కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చి మూడు వారాలు కాలేదు, 1935 మే 12న, తిరుగుబాటు జరిగి సరిగ్గా తొమ్మిదేళ్ళకు, పిల్సుడ్‌స్కీ క్యాన్సర్‌తో చనిపోయాడు. కుర్చీ సిద్ధమైంది, మనిషి లేడు.

పెద్దాయన మాట ప్రకారం తర్వాతి అధ్యక్షుడు తానేనని స్వావెక్ అనుకున్నాడు. మొష్చిత్స్కీ రాజీనామా చేస్తే కదా! తొమ్మిదేళ్ళు బొమ్మలా ఉన్నాడని అందరూ అనుకున్న ప్రొఫెసర్, రాజ్యాంగం చదువుకుని కూర్చున్నట్టున్నాడు. 1933లో రెండోసారి ఎన్నికయ్యాడు, పదవీకాలం 1940 దాకా ఉంది. ప్రధానిని తీసేయడానికి ఇప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేదు. 1935 అక్టోబరులో స్వావెక్ ప్రధాని పదవి పోయింది. 1938లో స్వావెక్ సెయ్మ్ స్పీకర్‌గా తిరిగొస్తే, మూడు నెలల్లో అధ్యక్షుడు ఆ సెయ్మ్‌నే రద్దు చేశాడు. 1939 ఏప్రిల్‌లో స్వావెక్ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. రాజ్యాంగం కోసం అందరికన్నా ఎక్కువ కష్టపడ్డ మనిషిని ఆ రాజ్యాంగంలోని అధికారాలే పక్కకు నెట్టాయి.

అలాగని మొష్చిత్స్కీ ఏకచ్ఛత్రాధిపతి కాలేదు. ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ రిట్స్-ష్మిగ్వీతో అధికారం పంచుకోవాల్సి వచ్చింది. 1936 జూలైలో ప్రధాని ఒక సర్క్యులర్ పంపాడు: అధ్యక్షుడి తర్వాత దేశంలో మొదటి వ్యక్తిగా రిట్స్-ష్మిగ్వీని గౌరవించాలి, ప్రధానితో సహా అందరూ ఆయన మాట వినాలి అని. ఏడాది కిందట వచ్చిన కొత్త రాజ్యాంగంలో ఇలాంటి స్థానం ఎక్కడా లేదు. 'విభజించరాని' అధికారాన్ని ఒక సర్క్యులర్‌తో రెండు ముక్కలు చేశారు. సైన్యం ఎవరిదో వాళ్ళకు వాటా ఇవ్వక తప్పలేదు.

ఈ రాజ్యాంగంలో నిజంగా దేశానికి అక్కరకొచ్చింది 24వ అధికరణం. యుద్ధం వస్తే అధ్యక్షుడి పదవీకాలం శాంతి కుదిరాక మూడు నెలల దాకా కొనసాగుతుంది. ఈలోగా పదవి ఖాళీ అయితే ఎవరు రావాలో ఆయనే ముందుగా పేరు రాసి పెట్టవచ్చు. ఎన్నిక అక్కర్లేదు, సభ అక్కర్లేదు. 1939 సెప్టెంబరు 17న సోవియట్ సైన్యం తూర్పునుంచి వచ్చింది, పోలిష్ రాజ్యం ఇక లేదని మాస్కో ప్రకటించింది. ఆ రాత్రి మొష్చిత్స్కీ రుమేనియాలోకి దాటాడు, అక్కడ నిర్బంధంలో పెట్టారు. రోమ్‌లో రాయబారిగా ఉన్న జనరల్ వ్యెన్యావాను వారసుడిగా రాస్తే ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. దాంతో వ్వదిస్వావ్ రచ్కేవిచ్ పేరు రాశాడు. సెప్టెంబరు 30న పారిస్‌లోని పోలిష్ రాయబార కార్యాలయంలో రచ్కేవిచ్ ప్రమాణం చేశాడు. దేశంలో అంగుళం నేల చేతిలో లేకపోయినా రాజ్యం చట్టరీత్యా బతికే ఉంది. 1921 రాజ్యాంగమే ఉండి ఉంటే కొత్త అధ్యక్షుడి కోసం జాతీయ అసెంబ్లీని ఎక్కడ సమావేశపరిచేవాళ్ళు?

ప్రవాసంలో ఆ అధికారాలు యథాతథంగా నిలవలేదు లెండి. ప్రధాని సికోర్‌స్కీతో కుదిరిన ఒప్పందం ప్రకారం, 13వ అధికరణంలోని హక్కుల్ని ప్రధానితో సంప్రదించే వాడతానని రచ్కేవిచ్ 1939 నవంబరు 30న బహిరంగంగా ప్రకటించాడు. రాజ్యాంగంలో అక్షరం మార్చలేదు, ఒక్క ప్రకటనతో అది దాదాపు పార్లమెంటరీ పద్ధతి అయిపోయింది. 1945 జూలైలో బ్రిటన్, అమెరికా గుర్తింపు ఉపసంహరించుకున్నాయి, అయినా లండన్‌లో ఒకరి తర్వాత ఒకరు అదే అధికరణం కింద అధ్యక్షులవుతూనే వచ్చారు. మధ్యలో జలెస్కీ అనే అధ్యక్షుడు ఏడేళ్ళయినా దిగనని మొండికేస్తే ప్రవాసులు రెండు వర్గాలుగా చీలిపోయారు కూడా. ఆఖరివాడు రిషార్డ్ కచోరోవ్‌స్కీ, 1990 డిసెంబరు 22న వార్సా రాజకోటలో అధ్యక్ష చిహ్నాల్ని దేశంలో కొత్తగా ఎన్నికైన అధ్యక్షుడు లెహ్ వాలెసాకు అప్పగించాడు.

చివరిగా ఇప్పటి సంగతి. 1997 రాజ్యాంగం కింద అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా అయిదేళ్ళకు ఎన్నుకుంటారు. ఆయన బిల్లు తిప్పి పంపితే, సగం మంది సభ్యులు హాజరై ఉండగా సెయ్మ్ అయిదింట మూడు వంతుల ఓట్లతో దాన్ని దాటవచ్చు. సభను తనకు తోచినప్పుడు రద్దు చేయలేడు, ఉత్తర్వులకు మామూలుగా ప్రధాని సంతకం కావాలి. ఇదంతా 1935కు దూరమే. కానీ 144వ అధికరణం తీసి చూడండి. ప్రధాని సంతకం అక్కర్లేని పనుల జాబితా ఒకటి 30 అంశాలతో ఉంటుంది. 1921 రాజ్యాంగంలో ఇలాంటి జాబితా లేదు. 1935 నాటి 13వ అధికరణంలో మొదటిసారి వచ్చిన పద్ధతి అది.